ఉయుని ఉప్పు మైదానానికి పంట రుణం వద్దు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. నాలుగెకరాల వరి, కొంత కొబ్బరి తోట ఉన్నాయి. వచ్చే ఫిబ్రవరిలో చిలీలోని శాంటియాగోలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళుతున్నాం. టికెట్లు తనే తీస్తానంది. అక్కడి నుంచి బొలీవియా వెళ్లి ఉయుని ఉప్పు మైదానాన్ని ఒక్క రోజులో చూసి రావాలని నా భార్య కోరిక. ఇద్దరికీ లక్షన్నర అవుతుందట. కిసాన్ క్రెడిట్ కార్డులో అంత మొత్తం ఇంకా వాడకుండా ఉంది. వడ్డీ 7 శాతం, సకాలంలో కడితే 4 శాతమే. తీసుకోవచ్చా? నాకు 62, ఆమెకు 58.

జవాబు: ఆ రుణం ముట్టుకోకండి. ప్రయాణం మాత్రం మానవద్దు. నెల మార్చుకోండి, రోజులు పెంచుకోండి.

4 శాతానికి అప్పు దొరకడం సాగు కోసం ప్రభుత్వం ఇస్తున్న రాయితీ వల్ల. దాన్ని విహారయాత్రకు వాడటం నిబంధనలకు విరుద్ధం. నా అసలు భయం మరొకటి. ఫిబ్రవరిలో దాళ్వా (రబీ వరి) చేను మీద ఉంటుంది. ఎరువులకు, పురుగుమందులకు డబ్బు కావలసిన రోజులవి. కార్డు ఖాళీ అయితే బయట రెండు రూపాయల వడ్డీకి తేవాలి. లక్షన్నరకు నెలకు 3,000, ఏడాదికి 36,000 రూపాయలు. నాలుగెకరాల రైతు ఒక్క రోజు విహారం కోసం ఆ భారం మోయకూడదు.

ఇక ఆ ‘ఒక్క రోజు’ సంగతి. ఉయుని దాదాపు 3,650 మీటర్ల ఎత్తులో, పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న మైదానం. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందే దానిలో మూడింట రెండు వంతులే. కోనసీమ దాదాపు సముద్రమట్టంలోనే ఉంది, శాంటియాగో ఎత్తు కూడా 600 మీటర్ల లోపే. నేరుగా పైకి వెళితే తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. దారిలో బొలీవియా నగరం లాపాజ్‌లో ఆగినా ప్రయోజనం తక్కువ, అది కూడా అంతే ఎత్తు. 2,800 మీటర్ల ఎత్తున్న సుక్రే నగరంలో రెండు మూడు రాత్రులు ఉండి వెళ్లడం మేలు. మీ లక్షన్నరలో ఈ బస, భోజనం, ప్రయాణ బీమా ఉన్నట్టు లేవు. రెండు లక్షలకు తక్కువ అనుకోవద్దు. బీమా పత్రంలో ఎత్తు పరిమితి ఉందేమో చదవండి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి.

బొలీవియా నుంచి భారత్‌కు వచ్చేవారికి ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి. లేకపోతే తిరిగి దిగగానే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా కనీసం పది రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. అరవై దాటినవారికి ఈ టీకాతో ప్రమాదం కొంత ఎక్కువ కాబట్టి మీరు ముందుగా వైద్యుడిని అడగాలి. ఆయన వద్దంటే బొలీవియా ఆలోచన అక్కడితో ఆపేయండి.

నెల విషయానికొస్తే, మైదానం అద్దంలా ఆకాశాన్ని చూపేది జనవరి నుంచి మార్చి వరకు, వాన నీరు నిలిచినప్పుడు. మీ శ్రీమతి గారు చూసిన ఫొటోలు బహుశా అవే. అయితే నీరు ఎక్కువైతే మైదానం మధ్యలో కాక్టస్ మొక్కలున్న ఇంకావాసి దీవికి జీపులు వెళ్లవు. మే నెలలో నేల ఎండి, తెల్లని ఉప్పు మీద షడ్భుజాల గీతలు కనిపిస్తాయి. రాత్రులు గడ్డకట్టే చలి, పగలు ఎండ. అప్పటికి మీ దాళ్వా కోత అయిపోతుంది, ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదిలేది జూన్‌లో. రైతుకు ఏడాదిలో నిజంగా తీరిక దొరికే నెల అదే. నా ఓటు మే నెలకే.

మీకు నెల జీతం లేదు కాబట్టి నెలవారీ పొదుపు కుదరదు. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు ఖాతాలో పడగానే లక్ష వేరే డిపాజిట్‌లో వేయండి. మిగతాది కొబ్బరి దింపు తీసిన ప్రతిసారీ కొంత కొంత చేర్చండి. దాళ్వా ధాన్యం డబ్బు సమయానికి వస్తుందని లెక్కవేయకండి, అది సార్వా పెట్టుబడికి ఉండనివ్వండి. మార్చి చివరికి రెండు లక్షలు కూడకపోతే శాంటియాగో వరకే వెళ్లి రండి.

అమ్మాయి టికెట్లు తీయకముందే ఈ రోజే ఫోను చేసి తేదీల గురించి మాట్లాడండి.