మీ తేదీ వచ్చేదాకా మృదంగం పెట్టెలోనే ఉండాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు 38 ఏళ్లు. సీఏ అయ్యాక అమెరికాలో ఎంబీఏ చదివి, న్యూజెర్సీలో ఒక బ్యాంకు రిస్క్ విభాగంలో చేస్తున్నాను. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద పదకొండేళ్లు గడిచాయి. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ నా తరఫున వేసిన ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయి చాలా కాలమైంది. పెద్ద చదువులవాళ్లకు ఉండే ఈబీ-2 వరుసలో నా స్థానం చెప్పే తేదీ 2019. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఏ పనికీ కాదనలేను. రాత్రి మూడింటికి మెలకువొచ్చి మెయిల్స్ చూస్తుంటాను. రెండేళ్ల క్రితం నాన్నగారు పోయినప్పుడు ఊరికి వెళ్లాను. తిరిగి రావడానికి వేయించుకోవాల్సిన వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటానేమోనని ఇప్పటిదాకా వెళ్లలేదు. అమ్మ రిటైర్డ్ టీచరు, 71 ఏళ్లు, ఒక్కర్తే ఉంటోంది. వీడియో కాల్ చేస్తే అమ్మ ముఖం కంటే సీలింగ్ ఫ్యానే ఎక్కువ కనిపిస్తుంది. చిన్నప్పుడు నేర్చుకున్న మృదంగం తెచ్చుకున్నాను గానీ పెట్టె తీయలేదు. గ్రీన్‌కార్డు వచ్చాక అన్నీ చూసుకుందాంలే అనుకున్నాను. నా భార్యనడిగితే ‘నీ ఇష్టం’ అంటుంది. అన్నీ వదిలేసి వచ్చేయమంటారా?

జవాబు: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనుండేది బరంపురంలో. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి పిల్లల్ని దూరదేశాలకు పంపిన తల్లిదండ్రులు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. ఇన్నాళ్లూ వాళ్ల వైపు మాటే ఎక్కువ విన్నాను. మీ వైపు మాట చదువుతుంటే గుండె బరువెక్కింది.

‘గ్రీన్‌కార్డు వచ్చాక’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా ఏడాదికి ఇచ్చే కార్డుల్లో 7 శాతం దాటకూడదన్నది అక్కడి చట్టం. అందుకే 2025 మధ్యలో కూడా ఈబీ-2లో మనవాళ్ల తేదీ 2013 జనవరి దగ్గరే ఉండేది, అంటే అంతకుముందు తేదీ ఉన్నవాళ్లకే కార్డులు ఇచ్చేవారు. మీది 2019. మధ్యలో ఆరేళ్లేగా అనిపిస్తుంది గానీ ఆ వరుస ఏడాదికి ఏడాది చొప్పున కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. అది మీ చేతిలో లేదు. మృదంగం, భార్యతో మాట, అమ్మగారి ఫోను మీ చేతిలోవే. వీటిని తీసుకెళ్లి ఆ తేదీకి కట్టేశారు. నాకు బాధ కలిగించింది అదే.

మీ భయం ఉత్తది కాదు. ఉద్యోగం పోతే మరో ఉద్యోగం చూసుకోవడానికి మహా అయితే 60 రోజులు ఇస్తారు. ఇల్లూ సంసారమూ ఉన్నవాడికి ఆ లెక్క నిద్ర పట్టనివ్వదు. అయితే మీకు తెలిసిన సంగతే ఒకటి గుర్తు చేస్తాను. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటాక కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, మోసమో పెద్ద పొరపాటో బయటపడితే తప్ప మీ తేదీ మీకే ఉంటుంది. ఉద్యోగం మారినా, ఇండియా వచ్చేసినా అంతే. కదిలితే అంతా పోతుందన్న మాట నిజం కాదు. స్టాంపింగ్ సంగతీ కలిపి ఒక ఇమిగ్రేషన్ లాయరుతో గంట మాట్లాడండి. కష్టకాలం వస్తే బ్యాంకు తట్టుకుంటుందా అని రోజూ స్ట్రెస్ టెస్టులు చేస్తారు కదా, ఒకటి మీ ఇంటికీ చేయండి. జీతం ఆగితే ఎన్ని నెలలు గడుస్తుంది, అప్పులెన్ని, ఎవరి సాయం అడగగలరు? కాగితం మీద పెట్టండి. అర్ధరాత్రి మూడింటికి తలలో తిరిగేవాటిలో సగం అక్కడ అంకెలైపోతాయి. అయినా నిద్ర పట్టకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ భార్య గురించి ఉన్నది ఒక్క వాక్యం. అదీ ఆమె అన్న రెండు మాటలు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి చెబుతున్నాను, ‘నీ ఇష్టం’ అనే మనిషి ఒకప్పుడు తన ఇష్టం చెప్పి ఉంటుంది, అది ఎవరికీ వినబడి ఉండదు. ఆమె అక్కడ ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. ఐ-140 అప్రూవ్ అయినవాళ్ల భార్య లేదా భర్త, హెచ్-4 అనే కుటుంబ వీసా మీద ఉన్నా, పని అనుమతి తీసుకోవచ్చని 2015 నుంచి ఉంది. ఆమెకు ఉద్యోగం చేయాలనుందా, వద్దనుందా, ఊరికి రావాలనుందా? ల్యాప్‌టాప్ మూసి, ఇల్లు సద్దుమణిగాక అడగండి. ఆ జవాబు రాకుండా వచ్చేయాలా అన్న ప్రశ్నకు నేనేం చెప్పినా తప్పే అవుతుంది.

వచ్చేయడం గురించి ఇంకొక్క మాట. మీ పనికి ఇక్కడ ఉద్యోగాలు లేకపోలేదు. విదేశీ బ్యాంకుల రిస్క్ పని హైదరాబాద్‌లో, బెంగళూరులో బోలెడంత జరుగుతోంది. కానీ హైదరాబాద్ వచ్చినంత మాత్రాన పర్లాకిమిడి వచ్చినట్టు కాదు. రాత్రంతా రైల్లో కూర్చుని, పలాసలో దిగి, మళ్లీ బండి ఎక్కాలి. అమ్మగారి కోసమే వస్తున్నాననుకుని, వచ్చాక రెండు నెలలకోసారి కూడా వెళ్లలేక కుమిలిపోయినవాళ్లని చూశాను. ముందు అమ్మనే అడగండి, ఆవిడకు ఏం కావాలో. ‘నా గురించి బెంగెట్టుకోకురా’ అని దాటేస్తారు, వదలకండి. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే తలుపు ఎవరు తడతారు, బరంపురమో శ్రీకాకుళమో ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఆ ఇద్దరి ఫోన్ నంబర్లు మీ దగ్గరున్నాయా? ఆ ఏర్పాటు చేయడానికి మీరు ఉద్యోగం మానక్కర్లేదు.

ఇక మృదంగం. మీ ఊళ్లోనే 1880లో రాజావారి స్కూల్లో ఒక టీచరు చేరారు, గిడుగు రామమూర్తి పంతులుగారు. ఉద్యోగం పిల్లలకు చరిత్ర చెప్పడం. ఆ ఉద్యోగం చేస్తూనే, ఎవరూ నేర్చుకోమనకుండానే అక్కడి కొండల్లోని గిరిజనులు సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. అమ్మగారు టీచరు కదా, ఈ కథ మీకు చిన్నప్పుడే చెప్పి ఉంటారు. మిమ్మల్ని అంత పని చేయమనడం లేదు. వారానికి ఒక గంట చాలు. డబ్బు తీసుకుని పాఠాలు చెప్పడం, కచేరీలకు ఫీజు తీసుకోవడం హెచ్-1బీ మీద కుదరదు. మీ ఇంట్లో మీరు వాయించుకుంటే అడ్డేమీ లేదు. ఇన్నాళ్లు పెట్టెలో ఉంది కాబట్టి కుడివైపు నల్లగా ఉండే కరణి పగిలి ఉండొచ్చు, వార్లు సడలి ఉండొచ్చు. బాగుచేయించాల్సి వస్తే చేయించండి.

సీలింగ్ ఫ్యాను సంగతి మరచిపోలేదు. అమ్మగారు ఫోను బల్ల మీద పడుకోబెట్టి మాట్లాడుతున్నారు, లేదా చేత్తో పట్టుకోలేక కిందికి దించేస్తున్నారు. ఆ వయసులో మణికట్టు నొప్పి పుడుతుంది. ఫోను నిలబెట్టే చిన్న స్టాండు వంద, రెండొందల్లో దొరుకుతుంది. ఈ రోజే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి ఆవిడ అడ్రసుకు పంపండి. పక్కింటి పిల్లాడెవరైనా అమర్చిపెడతాడు. ఆదివారం పొద్దున్న మీకు ఎనిమిదైతే ఆవిడకు సాయంత్రం. ఆ కాల్‌లో ఉద్యోగం మాటలు వద్దు, పెట్టె తీసి మృదంగం ఆవిడకు చూపించండి.