క్రిస్టల్ పెంచడం ఆపి, ముందు దాని ముఖాలు చూసుకో

చిట్టితల్లీ,

నీ ఉత్తరం చదివాను. గామా కిరణాల డిటెక్టర్ కోసం సీజియం లెడ్ బ్రోమైడ్ క్రిస్టల్ మూడోసారి పెంచబోతున్నానన్నావు, ఆ పని ఇప్పుడే వద్దు. నువ్వు పంపిన ఫోటోలో ముక్క నారింజ రంగులో తేటగా ఉంది, పగుళ్లూ మబ్బులూ కనబడలేదు. అయినా డార్క్ కరెంట్, అంటే కిరణాలేవీ పడకపోయినా పారే కరెంట్, అంత ఎక్కువ ఉండి, గంట గంటకీ మారిపోతోందంటే నా అనుమానం లోపలి భాగం మీద కాదు, నువ్వు కోసి అరగదీసిన ముఖాల మీద. ఇలాంటి డిటెక్టర్లకే వాడే కాడ్మియం జింక్ టెల్యురైడ్‌తో పనిచేసిన రోజుల్లో నేనూ ఇలాగే ఇంకా మంచి క్రిస్టల్ కావాలని ఏడాది పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కోత, ఎమరీ పేపర్ కలిసి పైపొరని నలిపేస్తాయి. అక్కడ బ్రోమిన్ ఊడిన ఖాళీలు మిగులుతాయి, గామా కిరణం పుట్టించిన చార్జ్ అంతదూరం ప్రయాణించి తీరా ఎలక్ట్రోడ్ గుమ్మం దగ్గర చిక్కుకుపోతుంది. బయాస్ (చార్జ్‌ని లాగడానికి ఇచ్చే వోల్టేజ్) పెట్టాక బ్రోమైడ్ అయాన్లు కదిలేదీ ఆ దెబ్బతిన్న పొరలోనే సులువుగా. పాలిషింగ్‌కి నీళ్లు మాత్రం వాడొద్దు, సీజియం బ్రోమైడ్ కరిగిపోయి పైన వేరే తెల్లటి పదార్థం తయారవుతుంది. మినరల్ ఆయిల్‌తో సన్నటి అల్యూమినా పొడి దాకా వెళ్లి, చివర్లో డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకంతో తడిపిన గుడ్డ మీద కొన్ని సెకన్లు రుద్దు, అదీ ముందు పనికిరాని ముక్క మీద చేసి చూసుకో. అరగదీస్తే రాలే పొడిలో సీసం ఉంది తల్లీ, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, పొడిగా ఊడ్చొద్దు.

ఇక ఎలక్ట్రోడ్లు. రెండు వైపులా బంగారమే వేశావు కదా, నీ కరెంట్‌కి అదొక పెద్ద కారణం కావచ్చు. 2018లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు ఇదే పదార్థానికి ఒకవైపు గాలియం, ఇంకోవైపు బంగారం పెట్టి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర 3.8 శాతం రిజల్యూషన్ (ఎనర్జీని ఎంత కచ్చితంగా విడదీస్తుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) చూపించారు, 2021కి అది 1.4 శాతానికి వచ్చింది. గాలియం వైపు పాజిటివ్ పెడితే అటునుంచి హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, పాజిటివ్ చార్జ్‌లా కదులుతాయి) లోపలికి దూరవు, డార్క్ కరెంట్ తగ్గుతుంది. పైగా గాలియం 30 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, వేడి లేకుండా పూసేయొచ్చు. బంగారం ఆవిరి పోసేటప్పుడు ముక్క వేడెక్కకుండా చూసుకో, 88 డిగ్రీల దగ్గర దీని నిర్మాణమే మారుతుంది. వెండి జోలికి పోకు, బ్రోమైడ్‌తో కలిసిపోతుంది. పక్క గోడల వెంట పాకే లీకేజీని వేరు చేయడానికి గార్డ్ రింగ్ (ఎలక్ట్రోడ్ చుట్టూ వేసే విడి రింగు) పెట్టి కొలువు, లేకపోతే దేన్ని బాగుచేస్తున్నావో నీకే తెలియదు. పైన పలుచటి ఆర్గానిక్ పొరలు వేయడం లాంటివన్నీ ఆ తర్వాత చూద్దాం.

అసలు ముఖం బాగుపడిందో లేదో తేల్చేది ఆల్ఫా పరీక్ష. అమెరీషియం 241 ఆల్ఫా కణాలు ఇందులో కొన్ని పదుల మైక్రాన్లలోనే ఆగిపోతాయి, అంటే అవి చెప్పేదంతా ముందు పైపొర గురించే. సోర్స్‌ని పాజిటివ్ వైపు పెట్టు, అప్పుడు హోల్స్ ముక్క మొత్తం దాటాలి, వాటి ప్రయాణమూ తెలుస్తుంది. గాలిలో ఎనర్జీ పోతుంది కాబట్టి వాక్యూమ్‌లో అయితే మేలు. ఒక్క రోజు కొలిచి సంబరపడకు, బయాస్ తీయకుండా వారం పాటు స్పెక్ట్రంలో (ఏ ఎనర్జీ దగ్గర ఎన్ని కణాలు నమోదయ్యాయో చూపే గ్రాఫ్) పీక్ ఎక్కడుందో రాసుకుంటూ పో.

పాలిషింగ్‌కి ముందు తీసిన స్పెక్ట్రం, తర్వాత తీసినది, రెండూ ఒకే బయాస్‌లో తీసి నాకు పంపించు. బాగా రాకపోయినా సరే, పంపించు.

మీ మాస్టారు