చిట్టీ, ముందు ఆ గ్రూప్‌లో మెసేజ్‌లు పెట్టడం ఆపు

చిట్టీ,

పొద్దున ఫోన్లో అన్నీ చెప్పలేకపోయా, నీకేమో ఆఫీస్ క్యాబ్ వచ్చేసింది, అందుకే తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, అక్షరాలు తప్పులుంటే సర్దుకుని చదువుకో. మీ అపార్ట్‌మెంట్‌లో ఎంత మొత్తుకున్నా ఎవరూ మారట్లేదు, తడి చెత్త పొడి చెత్త అన్నీ ఒకే డబ్బాలో కుక్కేస్తున్నారు, గ్రూప్‌లో ఏదన్నా పెడితే చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు, పైగా ఎవరో నీకు గ్రీన్ మేడం అని పేరు పెట్టారు అని తెగ బాధపడ్డావు. పేరు పెట్టారంటే నువ్వు చేసేది వాళ్ల కళ్లల్లో పడుతోందనే, దానికేం ఏడవక్కర్లేదు. కానీ నువ్వు నాకు ఫార్వర్డ్ చేసిన ఆ మెసేజ్ ఉంది చూడు, అది చదివితే నేనైనా మారను తల్లీ.

"మన బ్లాక్‌లో ఒక్కరు కూడా చెత్త వేరు చెయ్యట్లేదు, చదువుకున్నవాళ్లం, సిగ్గుపడాలి" అని రాశావు. చదివినవాళ్లకి సిగ్గు రాదే, ధైర్యం వస్తుంది. ఓహో ఎవరూ చెయ్యట్లేదా, అయితే నేనొక్కదాన్నే కాదన్నమాట, అని హాయిగా పడుకుంటారు. మీ నాన్న ఆమధ్య నాకో ఆర్టికల్ పంపాడు, అమెరికాలో ప్రొఫెసర్లు హోటల్ రూముల్లో చేసిన ప్రయోగం, 2008లో పేపర్ వేశారట. కొన్ని రూముల్లో పర్యావరణాన్ని కాపాడండి, టవల్ మళ్లీ వాడండి అని కార్డు పెట్టారు, కొన్నింటిలో మాత్రం ఈ రూంలో దిగినవాళ్లలో ఎక్కువమంది టవల్ మళ్లీ వాడారు అని పెట్టారు. రెండో కార్డు చూసినవాళ్లే ఎక్కువగా మళ్లీ వాడారు. అదే రూంలో నాకు ముందు దిగిన మనిషెవరో నాకేం తెలుసు, అయినా ఆ మనిషి చేశాడంటే నేనూ చేస్తా, అదీ సంగతి. కాబట్టి మీ బ్లాక్‌లో నాలుగిళ్ల వాళ్లు వేరు చేస్తున్నా సరే, ఆ నలుగురి గురించి మాట్లాడు, చెయ్యని వాళ్ల లెక్క ఎత్తకు.

ఆ ప్రొఫెసర్లు చెప్పకముందే మాకు తెలుసులే ఈ సంగతి. ఏఎన్ఎం ఉద్యోగంలో, అంటే ఇంటింటికీ తిరిగి టీకాలేసే నర్సు పనిలో, నేను నేర్చుకున్నదేమన్నా ఉందంటే ఇదే. పల్స్ పోలియో 1995లో మొదలైంది కదా, చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరనీ జ్వరాలొస్తాయనీ ఏవేవో పుకార్లు, తలుపులు వేసేసుకునేవాళ్లు కొందరు. లెక్చర్లు ఇచ్చాం, పోస్టర్లు అంటించాం, మైకులో చెప్పించాం. అవన్నీ ఒకెత్తు, చుక్కలు వేశాక పిల్లాడి ఎడమ చిటికెన వేలి గోరు మీద మార్కర్‌తో గీత పెడతామే అదొకెత్తు. ఎవరికి వేశామో ఎవరికి వెయ్యలేదో లెక్క తేలడానికి పెట్టిన గుర్తు అది, కానీ పిల్లలు ఆ వేలు చూపించుకుంటూ వీధంతా తిరిగేవాళ్లు, నీకుందా నాకుంది అని. సాయంత్రానికి మా పిల్లకి వెయ్యలేదేంటి అని తల్లులే ఎత్తుకొచ్చేవాళ్లు. పక్కింటి పిల్లాడు చుక్కలు వేయించుకుని రెండు రోజులైనా బాగానే ఆడుకుంటున్నాడు అని కళ్లతో చూసిన తల్లికి నేను చెప్పాల్సిందేం ఉండదు. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది, ఆరోజు మా సెంటర్‌లో స్వీట్లు పంచుకున్నాం.

సో నువ్వు అడగాల్సిన ప్రశ్న వీళ్లకి ఎలా చెప్పాలి అనేది కాదు. నేను చేసేది వీళ్లకి ఎలా కనపడుతుంది, చూసినవాళ్లకి చెయ్యడం ఎంత తేలిక, ఈ రెండే.

మా ఖమ్మం వాళ్లకి ఇంకో ఉదాహరణ వెతుక్కోవాల్సిన పని లేదు, దరిపల్లి రామయ్య గారున్నారు. వనజీవి రామయ్య. ఆయన్ని నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు, మెడలో గుండ్రటి బోర్డు, వృక్షో రక్షతి రక్షితః అని రాసుండేది, బండి మీద మొక్కలూ విత్తనాల సంచీ. ముందు సైకిల్, తర్వాత మోపెడ్. పిచ్చాయన అన్నవాళ్లు ఎంతమందో. ఆయన వాదించడం తక్కువ, గొయ్యి తవ్వడం ఎక్కువ. ఖాళీగా కనపడితే చాలు, రోడ్డు పక్కన, కాలవ గట్టు, బడి ఆవరణ, ఎక్కడైనా సరే. జానమ్మ గారు కూడా ఆయనతో సమానంగా చేసింది, ఆమె పేరు పేపర్లో తక్కువ వచ్చింది కానీ. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో పోయారు. కోటికి పైనే నాటారంటారు. నాకు ఆ అంకె కన్నా ఆ బోర్డు ముఖ్యం అనిపిస్తుంది. ఆ బోర్డు వేసుకుని బజార్లో తిరగడానికి ఎంత గుండె కావాలి చెప్పు? నువ్వేమో గ్రీన్ మేడం అన్నందుకే డీలా పడిపోయావు.

సరే అసలు పనిలోకి వద్దాం. చెత్త సంగతి. నువ్వు అందరికీ భూమి, వాతావరణం, ముందు తరాలు అని చెప్తున్నావు. అవన్నీ నిజమే గానీ పొద్దున్నే కుక్కర్ పెట్టుకుంటూ పిల్లల్ని బడికి తోలుకుంటూ ఉన్న మనిషికి ముందు తరాలు గుర్తురావు. మీ చెత్త ఆటో మీద వచ్చే ఆమె మొహం గుర్తు చెయ్యి. ఆమె పేరేంటో ఎప్పుడన్నా అడిగావా? అడుగు, మిగతావాళ్లకీ తెలిసేలా పేరు పెట్టి పిలువు. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి కవర్లు ఏరేది ఆమే. దాంట్లో షుగర్ పేషెంట్లు వాడి పడేసిన ఇన్సులిన్ సూదులు, బ్లేళ్లు, పగిలిన గాజు గ్లాసు, పిల్లల డైపర్లు, ప్యాడ్లు అన్నీ సాంబారులో కలిపి ఉంటాయి. సూది గుచ్చుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు, హెపటైటిస్ భయం అంటే ఏంటో ఆస్పత్రుల్లో పనిచేసిన వాళ్లని అడుగు. కాబట్టి మొదట ఇది చెప్పు అందరికీ: సూదులు, బ్లేళ్లు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి పైన రాసి విడిగా ఇవ్వాలి, ప్యాడ్లు డైపర్లు పేపర్లో చుట్టి, లోపలేముందో ఆమెకి తెలిసేలా ఎర్ర చుక్క పెట్టాలి, గాజు పెంకులు మందపాటి పేపర్లో చుట్టాలి. ఇది మనిషి మీద జాలి, పర్యావరణం తర్వాత. జాలికి ఒప్పుకోని వాళ్లు చాలా తక్కువ మంది ఉంటారు. అది అలవాటైన ఇంట్లో తడీ పొడీ వేరు చెయ్యడం దానంతటదే వస్తుంది, డబ్బాలు ఎలాగూ రెండయ్యాయి కదా.

తర్వాత నీ కంపోస్టు. బాల్కనీలో చేస్తున్నావుగా, బాల్కనీ లోపల దాచి చేస్తే ఎవరికి తెలుస్తుంది? పెద్ద బకెట్‌కి కింద పక్కల చిల్లులు పెట్టు, కూరగాయ తొక్కు ఒక వరస, ఎండుటాకులు దానికి రెట్టింపు ఒక వరస, మధ్యమధ్యలో పుల్ల మజ్జిగ చిలకరించు, వండిన అన్నం, మాంసం మాత్రం వెయ్యకు. వాసన వస్తోందంటే తడి ఎక్కువైనట్టు, ఎండుటాకులు ఇంకో దోసెడు వెయ్యి, అంతే, కంగారుపడి పారబొయ్యకు. రెండు మూడు నెలల్లో నల్లగా మట్టి వాసనతో తయారవుతుంది. దాన్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి మీ ఫ్లోర్ వాళ్లకి ఇవ్వు, మీ తులసికి వెయ్యండి ఆంటీ అని. ఉపన్యాసం ఇవ్వకు. తులసి గుబురుగా వచ్చిన రోజు ఆమే వచ్చి ఏం వేశావమ్మా అని అడుగుతుంది, అప్పుడు చెప్పు. అడిగినప్పుడు చెప్పిన మాట వేరు, అడక్కుండా చెప్పిన మాట వేరు.

ఎండాకాలం వస్తోంది కదా, గేటు దగ్గర రెండు కుండలు పెట్టించు. మన ఊళ్లల్లో చలివేంద్రాలు ఎప్పటి నుంచో ఉన్నవే, ఎవరూ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. డెలివరీ కుర్రాళ్లు, కొరియర్ వాళ్లు, పనివాళ్లు ఎండలో వచ్చి నీళ్లు అడగడానికి మొహమాటపడతారు. కుండ కింద ఇసుక పోసి తడుపు, పైన తడి గుడ్డ చుట్టు, మూత మీద స్టీల్ గ్లాసు గొలుసుతో కట్టు, ముంచడానికి పొడుగు కాడ గరిటె పెట్టు, చెయ్యి పెట్టి ముంచకుండా. రోజూ కడిగించాలి, అదే అసలు కష్టం, మొదటి వారం ఉత్సాహంగా ఉండి రెండో వారానికి కుండలో దోమ పిల్లలు ఈదుతుంటే డెంగీ తెచ్చిపెట్టినట్టే. అందుకని వారానికో ఇల్లు అని వంతు పెట్టు. మీ పేరు, అసోసియేషన్ పేరు, ఫ్లెక్సీ ఏమీ వద్దు దయచేసి, ఒక కుండకి పది అడుగుల ఫ్లెక్సీ కట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, పైగా ఆ ఫ్లెక్సీ కూడా ప్లాస్టికే. పేరు లేకపోతేనే ఎదుటి అపార్ట్‌మెంట్ వాళ్లకి మనమూ పెట్టుకోవచ్చు అనిపిస్తుంది, పేరుంటే అది వాళ్లది అని ఊరుకుంటారు.

సంచుల సంగతి త్వరగా చెప్పేస్తా. పాత కాటన్ చీరలు, కర్టెన్లు పోగు చేసి వీధిలో టైలర్ అమ్మాయికి డబ్బులిచ్చే కుట్టించు, ఫ్రీగా అడక్కు. కిరాణా కొట్టు దగ్గర కొక్కేనికి తగిలించు, సంచి మర్చిపోయినవాళ్లు తీసుకెళ్లి మళ్లీ తెచ్చి పెడతారు. సగం తిరిగి రావు, రాకపోయినా నష్టం లేదు, వాళ్లింట్లో వాడుతూనే ఉంటారు.

మొక్కలు నాటదాం అని సెక్రటరీ గారు అన్నారని చెప్పావు కదా, దానికి మాత్రం కచ్చితంగా వెళ్లు. కోనోకార్పస్ అంటే ఒప్పుకోవద్దు, గబగబా పచ్చగా పెరుగుతుందని హరితహారంలో, అదే ప్రభుత్వం మొక్కలు నాటించిన పథకంలో, మొదట్లో తెగ నాటారు, తర్వాత వద్దన్నారు. దాని మీద పిట్టలు పెద్దగా వాలవంటారు, పూత కాలంలో దగ్గూ ఆయాసం ఉన్నవాళ్లకి ఇబ్బంది అంటారు. వేప, కానుగ, పొగడ, చోటుంటే నేరేడు అడుగు. జూలైలో వానలు పడ్డాక నాటండి, ఎండల్లో ఫోటో కోసం నాటద్దు. ఒక్కో మొక్క ఒక్కో పిల్లకి అప్పజెప్పు, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తే తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. పిల్లలు నీళ్లు పోస్తుంటే అమ్మానాన్నలు కిందకి దిగక తప్పదు, దిగితే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, ఇవాళ రేపు అపార్ట్‌మెంట్లలో అదే కరువు.

ఇదంతా నెలలో అయిపోవాలని మాత్రం అనుకోకు. పాలలో తోడు వేసి గంటకోసారి గిన్నె కదిపి చూస్తే పెరుగు తోడుకోదు, ఊరుకోవాలి కాసేపు. నువ్వేమో సోమవారం మెసేజ్ పెట్టి బుధవారానికి ఎవరు మారారా అని డబ్బాల మూతలు ఎత్తి చూస్తున్నావట, మీ ఆయన చెప్పాడులే. అలా చూడకు. ఎవరైనా నీకు తెలియకుండా మారితే నీకు చెప్పాల్సిన అవసరం కూడా వాళ్లకి లేదు.

ఆదివారం మీటింగ్ అన్నావు. పది విషయాలు రాసుకుని వెళ్లకు, ఒక్కటే అడుగు, స్టీల్ బ్యాంకు. సిద్దిపేట వైపు ఊళ్లల్లో పెట్టుకున్నారు, కంచాలు గ్లాసులు గిన్నెలు ఊరికి ఉమ్మడిగా కొనిపెట్టుకుని పెళ్లికీ పేరంటానికీ తీసుకుంటారు. మీ దగ్గర పుట్టినరోజులు, సత్యనారాయణ వ్రతాలు, కిట్టీ పార్టీలు నెలకి ఎన్ని అవుతున్నాయో చూడు. థర్మోకోల్ ప్లేట్లు ప్లాస్టిక్ స్పూన్లు 2022 జూలై నుంచే బంద్ అయినా కొట్లో దొరుకుతూనే ఉన్నాయి, పేపర్ గ్లాసే కదా అనుకుంటారు, దానికి లోపల సన్నగా ప్లాస్టిక్ పూత ఉంటుంది. వంద కంచాలు, వంద గ్లాసులు, స్పూన్లు అసోసియేషన్ దాచిపెట్టిన కార్పస్ ఫండ్‌లోంచి కొనమను, క్లబ్ హౌస్ బీరువాలో పెట్టి తాళం వాచ్‌మన్ దగ్గర ఉంచండి, తీసుకున్నప్పుడూ ఇచ్చినప్పుడూ లెక్క రాయండి.

కడిగేదెవరు అని ఎవరో ఒకరు కచ్చితంగా లేస్తారు, దానికి నీ దగ్గర జవాబు రెడీగా ఉండాలి. పార్టీ చేసుకునేవాళ్లే కంచానికి ఇంత అని కడిగే ఆమె చేతికి ఇవ్వాలి, రోజు జీతంలో కలిపెయ్యడం కుదరదు, ఆ రేటు కూడా ఆమెని అడిగి పెట్టండి, మీరు మీరు కూర్చుని తేల్చెయ్యకండి. మొదటి ఫంక్షన్ మీ బుజ్జిగాడి పుట్టినరోజే వస్తోందిగా, నువ్వే తీసుకో. నేను ఆ వారం వస్తా, చీరలు ఓ సంచీడు తెస్తున్నా టైలర్‌కి ఇవ్వడానికి, బస్ స్టాండ్‌కి మీ ఆయన్ని పంపు.

మీ అత్త,
ఖమ్మం