కొండ కాలితే జవాబు ఎవరిదని అడిగే పిల్లను ఏం చదివించాలి?

ప్రశ్న: మాది సిద్ధవటం దగ్గర పల్లె. మా అమ్మాయి కడపలో బీఎస్సీ బోటనీ ఆఖరి సంవత్సరం. పోయిన ఎండాకాలం లంకమల వైపు కొండకు అగ్గి పడితే రెండు రాత్రులు మిద్దె మీద నిలబడి చూసింది. అప్పటి నుంచి ‘ప్రభుత్వంలో దీనికి జవాబు ఎవరు చెప్పాలి నాయనా’ అనే మాటే. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పరీక్ష రాస్తానంటుంది, లేదంటే లా చదివి కేసులు వేస్తానంటుంది. బెంగళూరులో ఉండే మా బామ్మర్ది కొడుకు డ్రోన్, క్లైమేట్ డేటా కోర్సులో చేర్చమంటున్నాడు. ఫీజు లక్షన్నర. మూడింటిలో ఏది మేలు? రేపు అడవి తగలబడితే పిల్ల మెడకు చుట్టుకుంటుందేమోనని భయంగా ఉంది. ఆడపిల్ల కదా.

జవాబు: అన్నా, మీరు అడిగింది మూడు చదువుల గురించే అయినా, అసలు మాట మీ ఉత్తరం చివర్లో ఉంది. పైవాళ్ల తప్పుకు నా బిడ్డ బలైపోతుందా అని మీ భయం. పోలీసు ఉద్యోగమైనా, రెవెన్యూ అయినా, కరెంటు ఆఫీసైనా తల్లిదండ్రులు నా దగ్గరికి మోసుకొచ్చేది ఈ భయమే. ముందు దాని సంగతి చూద్దాం.

2016లో ఉత్తరాఖండ్ అడవులు తగలబడ్డాయి. ఆ డిసెంబర్‌లో అక్కడి హైకోర్టు గట్టి ఆదేశం ఇచ్చింది. మంట 24 గంటలు దాటితే డివిజన్ అటవీ అధికారి (డీఎఫ్‌ఓ), 48 గంటలు దాటితే ఆయన పై అధికారి కన్జర్వేటర్, 72 గంటలు దాటితే అటవీ శాఖ అధిపతే సస్పెండ్ అయినట్టు లెక్క అంది. తర్వాత సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. 2024 మే నెలలో అదే రాష్ట్రాన్ని సుప్రీంకోర్టు నిలదీసింది. మంటల సీజన్‌లో అటవీ సిబ్బందిని ఎన్నికల డ్యూటీకి ఎందుకు పంపారు, నిధులు పూర్తిగా ఎందుకు ఇవ్వలేదు అని. మరుసటి నెలలోనే ఆ రాష్ట్రంలోని బిన్సర్ అడవిలో మంట ఆర్పడానికి వెళ్లిన నలుగురు సిబ్బంది అక్కడికక్కడే చనిపోయారు. ప్రభుత్వం అప్పుడు సస్పెండ్ చేసింది డీఎఫ్‌ఓను, కన్జర్వేటర్‌ను. వేటు పైవాళ్ల మీద పడింది, ప్రాణాలు మాత్రం కిందివాళ్లవి పోయాయి.

కాబట్టి మీ భయం ఉత్తదేమీ కాదు. కానీ మీ అమ్మాయి మిద్దె మీద నిలబడి అడిగిందీ, సుప్రీంకోర్టు అడిగిందీ ఒకటే ప్రశ్న. ఆ వయసు పిల్లకు అది తోచడం చిన్న సంగతి కాదు.

డీఎఫ్‌ఓ కింద పనిచేసే రేంజ్ ఆఫీసర్‌ను కాపాడేది కాగితం. ఎండలు ముదరకముందే మంట పాకకుండా గడ్డి తీసేసి ఫైర్ లైన్లు గీశారా, మంటల కాపలాకు ఫైర్ వాచర్లను ఎంతమందిని పెట్టారు, డబ్బు కావాలని పైకి ఎప్పుడు రాశారు, ఎంత వచ్చింది, మంట కబురు అందాక మనిషి అక్కడికి ఎంతసేపట్లో చేరాడు. ఇవన్నీ తేదీలతో రాసి పెట్టుకున్న ఆఫీసర్‌ను ఎంక్వయిరీలో ఇరికించడం అంత సులువు కాదు. మీ అమ్మాయికి ఇప్పుడే లెక్క అడిగే బుద్ధి ఉంది. ఆ బుద్ధే రేపు ఆమెకు రక్ష.

ఇక ఆ డ్రోన్ కోర్సు. దీని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. మంట ఎక్కడుందో కనిపెట్టడానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల ద్వారా చూసి ఫోన్లకు మెసేజ్ పంపుతోంది. అందులో ఒక సెన్సర్ 375 మీటర్ల చదరం వరకు గుర్తుపడుతుంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు జనానికీ ఆ మెసేజ్ వస్తుంది. కొరత ఉన్నది మెసేజ్ వచ్చాక కొండెక్కే కాళ్లకు. మన కొండల్లో ఎండిన బోదగడ్డికి నిప్పంటుకుంటే పచ్చి కొమ్మలతోనో, బ్లోయర్లతోనో మనుషులే ఆర్పాలి. 2014 మార్చిలో తిరుమల కొండలు కాలినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లే రావాల్సి వచ్చింది. ఆ కోర్సు చేసినవాళ్లకు ఏ ఆఫీసులో, ఏ పేరుతో, ఏ జీతానికి ఉద్యోగముందో మీ బామ్మర్ది కొడుకును కాగితం మీద రాసివ్వమనండి. ఇలాంటి కోర్సుకు అప్పుచేసి ఫీజు కట్టిన పిల్లలు ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. ఇద్దరి చేతిలోనూ సర్టిఫికెట్ ఉంది, పని లేదు. ఒకతని తండ్రి గొర్రెలమ్మి కట్టాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. మ్యాపుల పని నేర్చుకోవాలంటే డెహ్రాడూన్‌లోనే ఉన్న ఐఐఆర్‌ఎస్ అనే ఉపగ్రహ చిత్రాల శిక్షణ సంస్థ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. రేంజ్ ఆఫీసర్ అయినా, లాయర్ అయినా అది పనికొస్తుంది.

లా గురించి ఒక్క హెచ్చరిక. జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ)కి పోతే అడవి కేసులన్నీ తేలిపోతాయని పిల్లలు అనుకుంటున్నారు. 2010 నాటి ఆ ట్రిబ్యునల్ చట్టం జాబితాలో 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ఉంది గానీ, అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరం చేసిన మన రాష్ట్ర 1967 అటవీ చట్టం లేదు. దారి మూసుకుపోలేదు, చుట్టు తిరిగి వెళ్లాలి. కోర్టులో జూనియర్‌గా మొదటి నాలుగైదేళ్లు ఇంటి నుంచే డబ్బులు పంపాల్సి రావచ్చు. దానికి మీరు సిద్ధమైతే మంచి చదువే.

ఇప్పుడు మీతో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ‘ఆడపిల్ల కదా’ అన్నారు. రేంజ్ ఆఫీసర్ పరీక్షలో అమ్మాయిలు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. మన పల్లెల్లో ఆడవాళ్లు కట్టెలకు, గడ్డికి అంతకంటే తక్కువ నడిచారా? బావమరిది కొడుకు మాట విన్నారు, నన్ను అడిగారు, మీ బిడ్డ ఏమంటుందో ఆమె మాటల్లో మాత్రం రాయలేదు. కలివికోడి అనే అరుదైన పక్షి అంతరించిపోయిందని అందరూ అనుకున్నాక, 1986లో మళ్లీ కనబడింది మీ లంకమల దగ్గరే. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన ఈ కొండల్లోనే. వాటి పక్కన పుట్టి, వాటి కోసం నిద్ర మానుకున్న పిల్లను మీరు ఎందుకు ఆపాలి?

నా ఓటు రేంజ్ ఆఫీసర్‌కే, లా రెండోది. అయితే ఏదైనా ఖాయం చేసే ముందు ఆమెతో ఒక సమాచార హక్కు దరఖాస్తు రాయించండి. డివిజన్ అటవీ ఆఫీసుకు, పది రూపాయల ఫీజుతో. పోయిన సీజన్‌లో మీ రేంజ్‌కి ఎన్ని మంట హెచ్చరికలు వచ్చాయి, ప్రతిదానికీ సిబ్బంది ఎన్ని గంటలకు చేరారు, ఫైర్ లైన్లకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చాక ఆమెను తీసుకుని రండి, ముగ్గురం కూర్చుని చదువుదాం. అప్పటిదాకా ఆ లక్షన్నరలో ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ కట్టకండి.