అత్తమ్మ రోజూ ముల్లె గడుతుంది

ప్రశ్న: మాది కొల్లాపూర్ దగ్గర పల్లె. అత్తమ్మకు 74 ఏళ్లు. డాక్టర్ డిమెన్షియా, అంటే మతి తగ్గిపోయే జబ్బు, అన్నారు. పొద్దుగూకితే చాలు, చీర, చెంబు ముల్లెగట్టి ‘తల్లిగారింటికి పోత, బస్సెప్పుడు?’ అంటుంది. ఆ ఊరు శ్రీశైలం నీళ్లల్ల మునిగి 40 ఏళ్లు దాటింది. ఆ మాట చెప్తే ఏడుస్తుంది, చెప్పకపోతే గేటు దాటుతుంది. మొన్న చెయ్యి గుంజి కూర్చోబెట్టాను, మణికట్టు కమిలింది. మా ఆయన హైదరాబాద్‌లో డ్రైవర్. ఆడబిడ్డ వీడియో కాల్‌లో చూసి ‘అమ్మ మంచిగనే ఉంది కదా’ అంటుంది. రాత్రిళ్లు ఫోన్‌లో నాలాంటి వాళ్ల గ్రూపు చదువుతూ ఏడుస్తున్నాను. ఇదేమన్నా తప్పా?

జవాబు: తప్పేం లేదు తల్లీ. ముందు ముల్లె సంగతి చూద్దాం.

ఊరు మునిగిందని మీరు చెప్పిన ప్రతిసారీ ఆమెకది అప్పుడే అందిన కబురు. రోజూ కొత్తగా ఊరు పోగొట్టుకుంటోంది. ఇక ఆ మాట ఎత్తకండి. ‘బస్సు వచ్చేదాకా కూసుందాం అత్తమ్మా, మీ ఇంటి బాయి ఎటుండేది?’ అని అడగండి. ముల్లె విప్పి ఏమేం పెట్టిందో చూపించమనండి. అబద్ధమాడుతున్నానని కుమిలిపోవద్దు. ‘ఇంటికి పోత’ అన్న మాట వెనక చాలాసార్లు భయమో, ఆకలో, ఒంటేలుకు పోవాల్సిన అవసరమో ఉంటుంది. చీకటి పడకముందే లైట్లు వేయండి, మసక వెలుతురులో కలవరం పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి బాగా ముదిరితే మాత్రం మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది కావచ్చు, డాక్టర్‌కు చూపించండి. కొంగుకు మీ ఫోన్ నంబరు కుట్టి, ఆటోస్టాండ్‌లో ఒక మాట చెప్పి ఉంచండి.

చెయ్యి గుంజడం మళ్లీ జరగకూడదు. కోపం తన్నుకొస్తే ఆమెను భద్రంగా కూర్చోబెట్టి, గేటుకు గొళ్లెం పెట్టి, మీరు వాకిట్లోకి వెళ్లండి. 14416కు చేయండి. అది టెలీ మానస్, మనసు బాధకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, రాత్రి కూడా తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, అది పగటిపూట. ఈ జబ్బున్నవాళ్ల కుటుంబాలకు సాయపడే అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీకి హైదరాబాద్‌లో శాఖ ఉంది, మీ ఆయన్ని ఒకసారి కనుక్కోమనండి.

ఆ గ్రూపు వదలొద్దు. ‘ముసలోళ్లకు మతిమరుపు మామూలే’ అనే ఇరుగుపొరుగు మధ్య, ఏమీ విడమరచి చెప్పనక్కర్లేని మనుషులు దొరకడం మాటలు కాదు. చదివి ఊరుకోకుండా మీరూ రాయండి. అత్తమ్మ వీడియోలు మాత్రం పెట్టకండి, వద్దనే శక్తి ఆమెకిప్పుడు లేదు. మతి తిరిగొస్తుందని పొడులమ్మేవాళ్లు అక్కడికీ వస్తారు, బ్లాక్ చేసేయండి.

కానీ గ్రూపుకు చెవులే ఉన్నాయి, చేతుల్లేవు. అత్తమ్మకు స్నానం చేయించడానికి రెండో మనిషి కావాలి. ఆడబిడ్డతో వాదన పెట్టుకోకండి. ఈ జబ్బున్నవాళ్లు పది నిమిషాలు చక్కగా మాట్లాడగలరు, ఆమె చూసింది ఆ పది నిమిషాలే. ఇకపై ముల్లె గట్టే వేళకే కాల్ చేయమనండి. తర్వాత మీ ఆయన చేత తేదీ చెప్పి అడిగించండి: ‘చెల్లె, పది రోజులు వచ్చి అమ్మను చూసుకో.’ కోడలు అడిగితే ఫిర్యాదులా వినిపించేది అన్న అడిగితే పనిలా వినిపిస్తుంది. అత్తమ్మను ఆడబిడ్డ ఇంటికి తీసుకుపోతే కొత్త ఇంట్లో ఇంకా తికమకపడుతుంది, అందుకే ఆడబిడ్డే రావాలి.

ఆ పది రోజులు మీరు మీ తల్లిగారింటికి పోండి. మొదటి రెండు రోజులు ఆడబిడ్డ నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ఎత్తండి, ముల్లె విప్పి చూపించమని అడగడం నేర్పండి. వెనక్కి మాత్రం బయల్దేరకండి.