బ్యాకప్ డిస్క్ ఆఫ్‌లైన్‌లో ఉందంటే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది గవర్నర్‌పేటలో ఆడిటర్ కార్యాలయం. సర్వర్‌లో విండోస్ సర్వర్ 2016 ఎసెన్షియల్స్ ఉంది. బ్యాకప్ కోసం రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు పెట్టుకున్నాము. ప్రతి శనివారం ఒకదాన్ని తీసి మా సారు ఇంటికి పంపి, రెండోదాన్ని తగిలిస్తాము. అయినా బ్యాకప్ డిస్క్ ఆఫ్‌లైన్‌లో ఉందనే హెచ్చరిక డ్యాష్‌బోర్డ్‌లో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ఇంటి దగ్గరున్న డిస్క్‌ను జాబితాలోంచి తొలగిస్తే హెచ్చరిక పోతుందని సర్వీసుకు వచ్చిన కుర్రవాడు చెప్పాడు. తొలగించవచ్చునా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తొలగించకండి. మీరు చేస్తున్న పద్ధతి సరైనదే, ఆ హెచ్చరిక రావడమూ సహజమే. బ్యాకప్ కోసం మీరు రెండు డిస్కులను నమోదు చేశారు కనుక, వాటిలో ఏది తగిలించి లేకపోయినా సర్వర్ దాన్ని ఆఫ్‌లైన్‌గానే లెక్కిస్తుంది. ఆ డిస్క్ మీ సారు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉందో, లోపల పాడైపోయి పలకడం మానేసిందో సర్వర్‌కు తెలిసే వీలు లేదు. రెండు సందర్భాలలోనూ అది ఇచ్చే హెచ్చరిక ఒక్కటే. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ సంగతే. రోజూ కనిపించే హెచ్చరికను కొన్నాళ్ళకు ఎవరూ చదవరు. ఆ తరువాత తగిలించి ఉన్న డిస్కే నిజంగా జారిపోయినా, కార్యాలయంలో ఎవరి దృష్టికీ రాదు.

జాబితాలోంచి తొలగించిన డిస్క్‌ను మళ్ళీ చేర్చేటప్పుడు దాన్ని ఫార్మాట్ చేయమంటారా అని సర్వర్ అడిగే అవకాశం ఉంది. తొందరలో ‘అవును’ అని నొక్కితే అందులోని పాత బ్యాకప్‌లన్నీ పోతాయి. అదీగాక, బ్యాకప్‌కే కేటాయించిన డిస్క్‌కు విండోస్ డ్రైవ్ అక్షరం ఇవ్వదు. అందువల్ల అది ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. అది చూసి, డిస్క్ ఖాళీగా ఉందనుకొని ఇనీషియలైజ్ (కొత్త డిస్క్‌లా సిద్ధం) చేసేవారూ, ఫార్మాట్ చేసేవారూ ఉన్నారు. దాని అసలు స్థితి, తగిలించిన డిస్కులన్నిటినీ చూపే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తెలుస్తుంది.

హెచ్చరికను నమ్ముకోవడానికి బదులు, చివరి బ్యాకప్ ఏ తేదీన, ఏ డిస్క్‌లోకి వెళ్ళిందో చూడటం అలవాటు చేసుకోండి. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘డబ్ల్యూబీఅడ్మిన్ గెట్ వెర్షన్స్’ (wbadmin get versions) అనే ఆదేశం ఇస్తే ఒక్కొక్క బ్యాకప్ సమయమూ, అది చేరిన డిస్క్ పేరూ వరుసగా వస్తాయి. సర్వర్‌లో జరిగిన సంగతుల నమోదును చూపే ఈవెంట్ వ్యూయర్‌లోని బ్యాకప్ లాగ్‌లో 4వ నంబరు ఈవెంట్ ఉంటే ఆ బ్యాకప్ విజయవంతంగా ముగిసినట్టు. శనివారం డిస్క్ మార్చిన తరువాత సోమవారం ఉదయం ఈ రెండూ చూసి, తేదీని ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే, ఏ డిస్క్ వంతు తప్పిందో వెంటనే బయటపడుతుంది. డిస్క్‌ను మొదటిసారి కేటాయించినప్పుడు విండోస్ సర్వర్ పేరు, తేదీ, క్రమసంఖ్యలతో దానికి ఒక లేబుల్ ఇస్తుంది. అదే లేబుల్‌ను కాగితం మీద రాసి డిస్క్ పైన అంటించండి. లేకపోతే రెండు నల్లటి డబ్బాలలో ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

మీది ఆడిటర్ కార్యాలయం కనుక ఇంకొక మాట చెప్పాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలోని సర్వర్‌లో ప్రతిరోజూ ఉంచాలని 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్ల నియమాలను సవరించారు. మీ ఖాతాదారులలో కంపెనీలు ఉంటే, వారి పుస్తకాలు మీ సర్వర్‌లోనే ఉంటే, బ్యాకప్ ఒక్క రోజు తప్పినా అది చిన్న విషయం కాదు. ఇంటికి పంపే డిస్క్ గురించి కూడా ఆలోచించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. కార్యాలయమూ ఇల్లూ ఒకే వరదకు లోనయ్యే చోట ఉంటే రెండు డిస్కులు ఉంచుకున్న ప్రయోజనం నెరవేరదు. కనీసం పై అంతస్తులోనైనా పెట్టించండి.

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో మాది డయాగ్నస్టిక్ ల్యాబ్. బ్యాకప్ డిస్క్ పగలంతా బాగానే ఉంటుంది. కొన్ని రాత్రులు మాత్రం ఆఫ్‌లైన్ అయి, బ్యాకప్ విఫలమవుతుంది. ఉదయం కేబుల్ తీసి పెడితే మళ్ళీ వస్తుంది. డిస్క్ మార్చాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇప్పుడే కొనకండి. తీసి పెట్టగానే పలుకుతున్న డిస్క్‌కు లోపలి జబ్బు కంటే కరెంటు సరఫరాలో లోపమే ఎక్కువగా కారణమవుతుంది. మీది అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్ అయితే, ఆ అడాప్టర్‌ను ఎక్కడ పెట్టారో ముందు చూడండి. సర్వర్‌ను యూపీఎస్‌కు కలిపి, డిస్క్ అడాప్టర్‌ను మాత్రం గోడ సాకెట్‌లో పెట్టడం తరచుగా కనిపించే పొరపాటు. రాత్రి ఒక్క క్షణం కరెంటు పోయి వచ్చినా సర్వర్‌కు ఏమీ తెలియదు, డిస్క్ మాత్రం ఆగిపోతుంది. కొన్ని యూపీఎస్‌లలో సగం సాకెట్లకు బ్యాటరీ ఆధారం ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో 157వ నంబరు ఈవెంట్ కోసం వెతకండి. డిస్క్ హఠాత్తుగా తొలగిపోయిందని విండోస్ నమోదు చేసేది ఆ నంబరుతోనే. ఆ సమయమూ, మీ వీధిలో కరెంటు పోయిన సమయమూ ఒకటే అయితే కారణం తేలిపోయినట్టే.

అడాప్టర్ లేని చిన్న డిస్క్ అయితే దానికి కావలసిన కరెంటంతా యూఎస్‌బీ పోర్టు నుంచే రావాలి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తాయి. హబ్‌ను మధ్యలో పెట్టకుండా సర్వర్ వెనుక వైపు ఉన్న 3.0 పోర్టుకే నేరుగా కలపండి. తరువాత పవర్ ఆప్షన్లలో, పని లేని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపండి. డివైజ్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌కు విద్యుత్ ఆదా కోసం ఇచ్చిన టిక్కును కూడా తీసేయండి. ఇవన్నీ చేసినా రాత్రిపూట జారిపోతుంటే అప్పుడు కేబుల్ మార్చి, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ నివేదిక చూడండి. అందులో 5, 197 అంశాల విలువలు పెరుగుతూ ఉంటే డిస్క్ ఉపరితలం చెడుతున్నట్టు. 199 మాత్రమే పెరిగితే లోపం చాలావరకు కేబుల్‌లోనో, కనెక్టర్‌లోనో ఉంటుంది.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా కమీషన్ దుకాణం ఉంది. జాగ్రత్త కోసం పాత బ్యాకప్ డిస్క్‌ను క్లోన్ (అచ్చమైన నకలు) చేయించి రెండూ కలిపి తగిలించాము. ఇప్పుడు ఒకటి ఆఫ్‌లైన్ అని, సిగ్నేచర్ కొలిజన్ అని చూపుతోంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: క్లోన్ చేయడంతో డిస్క్ గుర్తింపు సంఖ్య (సిగ్నేచర్) కూడా యథాతథంగా నకలైంది. ఒకే సంఖ్య ఉన్న రెండు డిస్కులను విండోస్ ఒకేసారి నడపదు కనుక ఒకదాన్ని ఆపి ఉంచింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఆన్‌లైన్’ నొక్కితే, ఆపి ఉంచిన డిస్క్‌కు విండోస్ కొత్త సంఖ్య రాస్తుంది. ఆ డిస్క్ అసలుదే అయితే, పాత సంఖ్యతో దాన్ని గుర్తుపెట్టుకున్న బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు అది తెలియని డిస్క్ అయిపోవచ్చు. అందువల్ల ఏదీ నొక్కకుండా సర్వర్‌ను ఆపి, క్లోన్ డిస్క్‌ను విప్పి, తిరిగి ఆన్ చేయండి. అసలు డిస్క్ ఆన్‌లైన్‌లోకి వచ్చిందనీ, ఆ రాత్రి బ్యాకప్ పూర్తయిందనీ నిర్ధారించుకోండి. క్లోన్‌ను ఇక ఈ సర్వర్‌కు తగిలించకుండా పక్కన ఉంచి, అందులో ఏముందో చూడవలసి వస్తే వేరే కంప్యూటర్‌కు ఒంటరిగా కలిపి చూడండి. రెండో డిస్క్ కావాలనుకుంటే కొత్తదాన్ని కొని, బ్యాకప్ షెడ్యూల్‌లో రెండో డిస్క్‌గా చేర్చండి.