‘గూఢచారి 116’ పాటలు ఇంకా ఎందుకు వింటున్నారు?

1966లో వచ్చిన ఈ సినిమాలో ఫైటింగులు ఇప్పుడు చూస్తే కాస్త నవ్వొస్తాయి. కానీ అప్పటికి తెలుగు తెరకు ఇలాంటి హీరో కొత్త. కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు దీంతోనే వచ్చింది. మరుసటి ఏడాదే హిందీలో ‘ఫర్జ్’గా తీశారు.

అసలు పట్టు టి.చలపతిరావు సంగీతంలో ఉంది. ‘నువ్వు నా ముందుంటే’ వినండి. కథలో ఎంత టెన్షన్ ఉన్నా పాట తొందరపడదు. ఘంటసాల, సుశీల ఒక్క మాట కూడా మింగకుండా హాయిగా పాడతారు. మా విజయనగరం వాళ్లకైతే ఇంకో కారణం ఉంది. సుశీల గారు పుట్టిందీ, ఘంటసాల గారు సంగీతం నేర్చుకున్నదీ ఇక్కడే. రేడియోలో ఆ పాట వస్తే మా వీధి టీ కొట్టాయన సౌండ్ పెంచేస్తాడు. సినిమా మాత్రం చూడలేదట!